ఈసుడు రోగం – దాన్ని పట్టే పరీక్షల చరిత్ర

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాసిమ్మని మన కార్యదర్శి గారు కోరారు. కోటల గురించి, దేవాలయాల గురించి నాకంటె బాగా రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. పశుసంవర్ధక శాఖ ప్రయోగశాలలో ముప్ఫై ఏళ్ళ పైచిలుకు గాజు పలకల మీద సీరం చుక్కలు కలుపుతూ గడిపినవాణ్ణి. నాకు తెలిసిన చరిత్ర ఆ చుక్కలదే. పెన్షనర్ల పత్రికలో పశువుల జబ్బేమిటని సభ్యులు ముఖం చిట్లించకుండా చివరిదాకా చదవాలని మనవి. ఇది మనుషుల జబ్బు కూడా.

సుల్తాన్ బజార్ నుంచి చిక్కడపల్లి వైపు వచ్చే మన సభ్యులందరికీ నారాయణగూడలో రెండు సంస్థలు బాగా తెలుసు. ఒకటి పశువుల ఆసుపత్రి. రెండోది ఐ.పి.ఎం., అంటే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్. కుక్క కరిస్తే ఇంజక్షన్ల కోసం, నీళ్ళ పరీక్షల కోసం, రక్తం కోసం ఊరంతా అక్కడికే వెళ్ళేది. ఒకచోట పశువుకు వైద్యం, ఒకచోట మనిషికి. ఆఫీసులు వేరు, ఫైళ్ళు వేరు, పై మంత్రిత్వ శాఖలు కూడా వేరు. సూక్ష్మజీవులకు మాత్రం ఈ శాఖల విభజన తెలియదు. ఈసుడు రోగం ఆ రెండు గేట్లలోనూ దూరే జబ్బు. పుస్తకాలలో దాని పేరు బ్రూసెల్లోసిస్.

చూడి ఆవు గాని గేదె గాని అయిదో నెల దాటాక, తరచు ఏడు ఎనిమిది నెలల మధ్య, దూడను ఈసుకుపోతుంది. మాయ సరిగా పడదు. పల్లెల్లో దిష్టి తగిలిందనో, పక్క గొడ్డు కొమ్ముతో పొడిచిందనో, గాలి సోకిందనో అనుకునేవారు. తరువాతి ఈతకు చాలా పశువులు మామూలుగానే ఈనుతాయి. పాలిస్తాయి, మేత మేస్తాయి, చూడటానికి నిక్షేపంలా ఉంటాయి. లోపల మాత్రం సూక్ష్మజీవి పొదుగులోను, దాని దగ్గరి గ్రంథులలోను కాపురం పెట్టి పాలలోను, ఈనినప్పుడు వచ్చే ఉమ్మనీటిలోను బయటికి వస్తూనే ఉంటుంది. కంటికి కనబడే లక్షణం ఒక్కసారి వచ్చి మాయమవుతుంది, రోగం జీవితాంతం ఉంటుంది. కనుక ఈ జబ్బు కథంతా పరీక్షల కథే. పరీక్ష లేకపోతే జబ్బే లేదన్నట్టు ఉంటుంది.

దీని మొదలు మన దేశంలో కాదు, మధ్యధరా సముద్రంలోని మాల్టా ద్వీపంలో. అక్కడి ఆంగ్ల సైనికులు నెలల తరబడి వచ్చిపోయే జ్వరంతో మంచం పట్టేవారు. 1887లో డేవిడ్ బ్రూస్ అనే సైనిక వైద్యుడు ఆ జ్వరంతో చనిపోయినవారి ప్లీహం నుంచి సూక్ష్మజీవిని వేరు చేశాడు. ఆయన పేరే తరువాత దానికి స్థిరపడింది. పదేళ్ళకు, 1897లో, ఆల్మ్‌రాత్ రైట్ రోగి సీరాన్ని ఆ సూక్ష్మజీవుల ద్రావణంలో కలిపితే అవి గుంపులు గుంపులుగా అతుక్కుపోతాయని, అలా అతుక్కుంటే అది మాల్టా జ్వరమేనని చూపించాడు. టైఫాయిడ్‌కు మనమంతా చేయించుకున్న విడాల్ పరీక్ష అంతకు ఏడాది ముందు, 1896లో వచ్చింది. రెండింటి సూత్రం ఒకటే. శరీరం ఒక శత్రువును చూసి తయారుచేసుకున్న ప్రతిరక్షకాలు ఆ శత్రువును పట్టుకుని ముద్ద కట్టించడమే.

జ్వరం ఎక్కడినుంచి వస్తున్నదో మాత్రం ఇంకా ఎనిమిదేళ్ళు తెలియలేదు. 1905లో మాల్టాకే చెందిన డాక్టరు థెమిస్టొక్లీస్ జమ్మిత్ మేకల రక్తానికి ఆ పరీక్షే చేసి చూశాడు. ఆరోగ్యంగా గంతులు వేస్తున్న మేకల సీరం ముద్ద కట్టింది. ఆ ఊరి మేకలను ఇంటింటి గుమ్మం ముందుకు తోలుకువచ్చి పాలు పిండి పోసేవారు. కల్తీ ఉండదని జనానికి ఆ పద్ధతి మీద గొప్ప నమ్మకం. చిక్కడపల్లి, అశోక్‌నగర్ ఇళ్ళలో పెరిగిన పెద్దలకు గేదెను గుమ్మం ముందు కట్టి పాలు పిండించుకోవడం గుర్తుండే ఉంటుంది. 1906లో మేకపాలు మానేసిన సైనికులలో జ్వరాలు ఒక్కసారిగా తగ్గిపోయాయి.

ఇక ఆవుల సంగతి. 1897లోనే డెన్మార్క్‌లో బెర్న్‌హార్డ్ బాంగ్ అనే పశువైద్యుడు, స్ట్రిబోల్ట్ అనే సహాయకునితో కలిసి, ఈసుకుపోయే ఆవుల గర్భాశయపు గోడకు, మాయకు మధ్య ఒక సూక్ష్మజీవిని కనుక్కున్నాడు. అందుకే పాత పుస్తకాలలో దీన్ని బాంగ్ వ్యాధి అంటారు. ఈ బాంగ్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఆయన చేసిన ఇంకొక పని మన దేశానికి మరింత పనికొచ్చేదని నా అభిప్రాయం.

1890లో రాబర్ట్ కాక్ క్షయకు మందు కనుక్కున్నానంటూ ట్యూబర్‌కులిన్ అనే ద్రవాన్ని ప్రకటించాడు. ప్రపంచమంతా బెర్లిన్‌కు పరుగులు తీసింది. మందుగా అది ఘోరంగా విఫలమైంది. క్షయ ఉన్నవారికి ఎక్కిస్తే జ్వరం, వాపు వస్తున్నాయి, లేనివారికి ఏమీ కావడం లేదు. వైద్యంలో అది పెద్ద ఓటమి. పశువైద్యులు ఆ ఓటమినే పరీక్షగా మార్చుకున్నారు. ఏ ఆవుకు క్షయ ఉన్నదో తేల్చడానికి అంతకంటె ఏం కావాలి? 1892 నుంచి బాంగ్ డెన్మార్క్ మందలకు ఆ పరీక్ష చేయడం మొదలుపెట్టాడు. చాలా మందల్లో సగానికి సగం పశువులకు రోగం ఉన్నట్టు తేలితే అన్నింటినీ నరకమని రైతుకు ఎలా చెప్పడం? బాంగ్ అలా చెప్పలేదు. రోగం ఉన్నవాటిని ఒక కొట్టంలో, లేనివాటిని వేరే కొట్టంలో కట్టించాడు. రోగమున్న ఆవుకు పుట్టిన దూడను వెంటనే వేరుచేసి కాచిన పాలతో పెంచమన్నాడు. ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ పరీక్షలు చేసుకుంటూ ఆరోగ్యకరమైన మందను పెంచుకుంటూ పోయే పద్ధతి అది. డబ్బున్న దేశాలు తరువాత పరీక్షించడం, చంపడం, పరిహారం ఇవ్వడం అనే దారి పట్టాయి. అమెరికాలో బ్రూసెల్లాకు 1934లో ఆ కార్యక్రమం మొదలైంది. ఆస్ట్రేలియా అదే దారిలో 1989కి విముక్తి ప్రకటించుకున్నది. మనకు ఆ దారి లేదు. చట్టమూ ఒప్పదు, మనసూ ఒప్పదు, ఖజానా అంతకంటె ఒప్పదు. మా పాఠాలలో బాంగ్‌ను ఒక్క వాక్యంలో దాటవేసేవారు. ఎందుకో నాకు నేటికీ అర్థం కాలేదు.

మాల్టా మేకల సూక్ష్మజీవి, డెన్మార్క్ ఆవుల సూక్ష్మజీవి దగ్గరి చుట్టాలని ఇరవై ఏళ్ళపాటు ఎవరికీ తట్టలేదు. 1918లో అమెరికాలో ఆలిస్ ఎవాన్స్ అనే శాస్త్రవేత్త రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చి, ఇంచుమించు ఒకటేనని, పచ్చి పాల ద్వారా మనుషులకు ప్రమాదమని రాసింది. ఆమె స్త్రీ, పైగా డాక్టరేటు లేదు. పెద్దలు కొట్టిపారేశారు. 1922లో ప్రయోగశాలలోనే ఆమెకు ఆ జబ్బు అంటింది. ఏళ్ళ తరబడి జ్వరాలు, కీళ్ళ నొప్పులు, నీరసం. వైద్యులు నరాల బలహీనత అన్నారు, అంటే ఊహించుకుంటున్నావని అర్థం. చివరికి ఆమె చెప్పిందే నిజమైంది, పాలు వేడిచేసి అమ్మడం 1930లలో అక్కడ అలవాటుగా మారింది.

మనవైపు పచ్చి పాలు తాగే అలవాటు తక్కువ, పొంగు వచ్చేదాకా కాచందే ఏ తల్లీ పిల్లలకు పోయదు. జున్నుపాలను కూడా ఉడికించే తింటాం. కనుక పాల వల్ల మన ఇళ్ళకు వచ్చే ప్రమాదం తక్కువే. ప్రమాదమంతా చేతులతో పనిచేసేవారికి. దూడను లాగేవాడికి, మాయ తీసే డాక్టరుకు, పక్కన బకెట్టు పట్టుకునే అటెండరుకు, తబేలాలో పేడ ఎత్తే మనిషికి. మోచేతిదాకా వేసుకునే రబ్బరు తొడుగులు కాగితాల మీద సరఫరా అయ్యేంతగా చేతికి అందేవి కావు.

పరీక్షల విషయానికి వస్తాను. మొదట్లో గొట్టాల పరీక్ష ఉండేది. సీరాన్ని రెండింతలు, నాలుగింతలు, ఎనిమిదింతలు పలచన చేసుకుంటూ వరసగా గాజు గొట్టాలలో పోసి, యాంటిజెన్ కలిపి, ఒక రాత్రంతా వెచ్చగా ఉంచి పొద్దున చూడాలి. వంద పశువులకు చేయాలంటే ఎన్ని గొట్టాలు కడగాలో ఊహించుకోండి. అవి కడిగింది మేమే! కాంప్లిమెంట్ ఫిక్సేషన్ అనే ఇంకొక పరీక్ష ఉండేది. కచ్చితమైనదే, కాని గొర్రె రక్తకణాలు, గినీపంది సీరం, ఓపిక మూడూ కావాలి. మూడోది ఆఫీసులలో ఎప్పుడూ కొరతే.

1937లో జర్మనీలో ఫ్లైష్‌హౌవర్ పాల వలయ పరీక్ష కనిపెట్టాడు. నాకు అన్నింటిలోకి ఇష్టమైన పరీక్ష ఇదే. రక్తం తీయనక్కరలేదు, పశువును తాడు వేసి పట్టనక్కరలేదు. ఒక మిల్లీలీటరు పాలలో నీలిరంగు అద్దిన చచ్చిన సూక్ష్మజీవుల చుక్క వేసి గంటసేపు ఒంటి వేడిలో ఉంచాలి. పాలలో ప్రతిరక్షకాలు ఉంటే అవి రంగు సూక్ష్మజీవులను ముద్ద కట్టించి వెన్న కణాలకు తగిలిస్తాయి. వెన్న పైకి తేలుతుంది, దానితో నీలం కూడా తేలుతుంది. పైన నీలి వలయం, కింద తెల్లటి పాలు. రోగం లేకపోతే పైన తెల్లటి మీగడ, కింద నీలిపాలు. చిన్నపిల్లవాడైనా చెప్పగలడు. పది పశువుల పాలు కలిపిన క్యానుకు చేసినా పని చేస్తుంది. ఊళ్ళో పాలకేంద్రం దగ్గర నిలబడి ఏ వైపునుంచి రోగం వస్తున్నదో పసిగట్టవచ్చు.

దీనికీ లోపాలున్నాయి. పొదుగువాపు ఉన్న పశువు పాలు, ఈనిన కొత్తలో పాలు, వట్టిపోబోయే ముందు పాలు లేని రోగాన్ని ఉన్నట్టు చూపిస్తాయి. మేకపాలకు, గొర్రెపాలకు పనికిరాదు. పెద్ద ట్యాంకులో వందల పశువుల పాలు కలిస్తే ఒకటి రెండు రోగపు పశువులు అందులో మునిగిపోయి కనబడవు.

తరువాత వచ్చింది గులాబిరంగు చుక్క, రోజ్ బెంగాల్. 1957లో అమెరికాలో రోజ్, రోప్కే అనే ఇద్దరు యాంటిజెన్‌కు ఆమ్లం కలిపితే అబద్ధపు ముద్దలు తగ్గుతాయని చూపారు. ఏవో ఇతర కారణాల వల్ల పుట్టిన ప్రతిరక్షకాలు ఆ పులుపులో పనిచేయలేవు, అసలైన రోగానివి పనిచేస్తాయి. 1960లలో ఆ ఆమ్ల యాంటిజెన్‌కు రోజ్ బెంగాల్ రంగు అద్ది వాడకంలోకి తెచ్చారు. ఆ రంగు పేరు రోజ్ గారి వల్ల వచ్చింది కాదు. అది పంతొమ్మిదో శతాబ్దంలోనే యూరప్ రంగుల కర్మాగారాలలో పుట్టినది. పద్ధతి చాలా సులువు. పలక మీద సీరం ఒక చుక్క, యాంటిజెన్ ఒక చుక్క, పుల్లతో కలిపి నాలుగు నిమిషాలు పలకను అటూ ఇటూ ఊపాలి. గులాబినీళ్ళలో పెరుగు విరిగినట్టు పలుకులు కనిపిస్తే రోగం. నున్నగా ఉంటే లేదు. రాత్రంతా ఆగే పని నాలుగు నిమిషాలకు వచ్చింది.

ఆ నాలుగు నిమిషాలు ఎంత ముఖ్యమో చెబుతాను. అయిదో నిమిషానికి, ఆరో నిమిషానికి చుక్క ఆరిపోతూ అంచుల్లో పలుకు వచ్చినట్టు కనబడుతుంది. ఐసులోంచి తీసిన యాంటిజెన్‌ను గది వేడికి రానివ్వకుండా వాడితే నిజమైన పలుకు కూడా రాదు. మేం చూసిన ఒక క్యాంపులో యాంటిజెన్ సీసా మే నెల ఎండలో జీపు వెనక సీటులో సగం రోజు ప్రయాణం చేసింది. థర్మాస్ ఫ్లాస్కు ఉంది, అందులో ఐసు లేదు. ఆ రోజు ఊరంతటికీ రోగం లేదని తేలింది. రిజిస్టరులో అలాగే ఎక్కింది. సంతకం చేసినవారిలో నేనూ ఒకణ్ణి.

1970లో ఆపరేషన్ ఫ్లడ్ మొదలైన తరువాత మన రాష్ట్రంలో పాల ఉత్పత్తి మాట ఊపందుకున్నది. జెర్సీ, హోల్‌స్టీన్ సంకరజాతి పశువులు, బ్యాంకు అప్పులు, ఒక ఊరి పశువు ఇంకొక జిల్లాకు లారీలో ప్రయాణం. మంచి పాల పశువు ఎక్కడికి పోతే దానితోపాటు దాని రోగమూ పోతుంది. వీర్యం సేకరించే ఆబోతులకు మాత్రం పరీక్షలు గట్టిగా చేసేవాళ్ళం. క్షయ, జోనీస్ వ్యాధి, బ్రూసెల్లా మూడూ చూడాలి. ఒక ఆబోతు వీర్యం వేల పశువులకు పోతుంది కదా. ఊళ్ళలో పశువులకు మాత్రం ఎవరైనా అడిగితేనే పరీక్ష.

అడిగినవారికి ఏం జరిగిందో ఒక్క ఉదంతం చెబుతాను. ఊరి పేరు వద్దు. ఒక చిన్నరైతు అప్పుచేసి కొన్న సంకరజాతి ఆవు వరసగా రెండుసార్లు ఈసుకుపోయింది. మా డాక్టరు గారు రక్తం పంపారు. పలక మీద చుక్క క్షణంలో విరిగింది. "అయ్యా, దీన్ని వేరే కట్టండి, చేతులతో మాయ ముట్టుకోకండి, పాలు బాగా కాచండి" అని చెప్పి వచ్చాం. పదిహేను రోజులకు వెళ్ళి చూస్తే కొట్టం ఖాళీ. సంతలో అమ్మేశాడు. తప్పు పట్టడానికి నోరు రాలేదు. వేరే కట్టడానికి అతనికి రెండో కొట్టం లేదు. పరిహారం ఇచ్చే పద్ధతి మాకు లేదు. మేం నిజం చెప్పాం, ఆ నిజం ఆవును ఇంకొక ఊరికి తోలింది. పరీక్ష మంచిదైతే చాలదని నాకు అక్కడ తెలిసింది.

రెండో ఉదంతం మనిషిది. నాతోపాటు పనిచేసిన ఒక అటెండరు మిత్రునికి సాయంత్రం పూట జ్వరం, చెమటలు, నడుం నొప్పి మొదలయ్యాయి. ఒకచోట టైఫాయిడ్ అన్నారు. ఇంకొకచోట క్షయ కావచ్చునని మందులు మొదలుపెట్టారు. నెలలు గడిచాయి. సెలవులన్నీ అయిపోయి జీతం నష్టం మీద ఉన్నాడు. పనికి ఎగనామం పెడుతున్నాడన్న మాట కూడా వచ్చింది. చివరికి ఒక చిన్న వయసు డాక్టరు "ఏం పని చేస్తావు నాయనా?" అని అడిగాడు. అంతకుముందు ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. బ్రూసెల్లా పరీక్ష చేయిస్తే బయటపడింది. ఆరు వారాల మందులతో తేరుకున్నాడు గాని నడుం నొప్పి పోలేదు. రోజూ వందల సీరాలకు మా చేతులతో చేస్తున్న పరీక్ష అది. మాలో ఒకడికి చేసి చూడాలని మాకూ తట్టలేదు. పశువులతో పనిచేసి రిటైరైన సభ్యులెవరికైనా కారణం తెలియని జ్వరం, కీళ్ళ నొప్పి ఉంటే తాము చేసిన ఉద్యోగం ఏమిటో డాక్టరుకు ముందే చెప్పాలని కోరుతున్నాను.

టీకా సంగతి కూడా పరీక్షల కథలోదే. 1923లో అమెరికాలో జాన్ బక్ ఒక జెర్సీ ఆవు పాలనుంచి తీసిన సూక్ష్మజీవి ఏడాదికి పైగా గది వేడిలో ఉండిపోయి తన తీవ్రత పోగొట్టుకున్నది. అదే స్ట్రెయిన్ 19 టీకా అయింది, నేటికీ అదే. అయితే టీకా వేసిన పశువు రక్తంలోనూ ప్రతిరక్షకాలు పుడతాయి కనుక పలక మీద చుక్క విరుగుతుంది. రోగం వల్లనా, టీకా వల్లనా? చుక్క చెప్పదు. అందుకే నాలుగు నుంచి ఎనిమిది నెలల లోపు పెయ్య దూడలకే వేయాలని నియమం. చూడి కట్టే వయసు వచ్చేసరికి చాలావాటిలో ఆ ప్రతిరక్షకాలు తగ్గిపోతాయి. పెద్ద పశువులకు వేస్తే ఏళ్ళ తరబడి పరీక్షలన్నీ గందరగోళమే. 1982లో తయారైన ఆర్.బి.51 అనే ఇంకొక రకానికి ఈ చిక్కు లేదు. దాని పైపొరలో మన పరీక్షలు పట్టుకునే భాగమే ఉండదు.

1971లో స్వీడన్‌లో ఎంగ్‌వాల్, పెర్ల్‌మన్ ఎలీసా పద్ధతి ప్రకటించిన తరువాత బ్రూసెల్లా పరీక్షలు కంటిచూపు మీదినుంచి యంత్రం మీదికి మారాయి. ఒక్క పళ్ళెంలో 96 గుంటలు, ఒక్కో గుంటలో ఒక సీరం, రంగు ఎంత వచ్చిందో యంత్రం అంకెలో చెబుతుంది. "నాకు పలుకు కనిపిస్తోంది, మీకు కనిపించడం లేదా?" అని ఇద్దరు సీనియర్లు పోట్లాడుకునే అవకాశం పోయింది. బెంగుళూరులో పశురోగాల నిఘాకు ఏర్పడి, తరువాత నివేదిగా పేరు మారిన సంస్థ మన దేశపు పశువులకు తగిన ఎలీసా కిట్టు తయారుచేసింది. పి.సి.ఆర్. అయితే ప్రతిరక్షకాలను కాదు, సూక్ష్మజీవి జన్యు పదార్థాన్నే వెతుకుతుంది. మన గచ్చిబౌలిలో 1982లో జాతీయ పాడి అభివృద్ధి మండలి స్థాపించిన ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ ఈసుడు రోగపు టీకా తయారుచేస్తోంది. అదే ప్రాంతంలో కేంద్ర బయోటెక్నాలజీ విభాగం కింద వచ్చిన జాతీయ పశు జీవసాంకేతిక సంస్థలో బ్రూసెల్లా మీద పరిశోధన సాగుతోంది.

ఇంత వచ్చినా కొన్ని చిక్కులు అలాగే ఉన్నాయి. రోగమున్న తల్లికి పుట్టిన పెయ్య కొన్నిసార్లు ఏ పరీక్షకూ దొరకదు. మొదటి ఈతకు వచ్చినప్పుడు బయటపడుతుంది. కొత్తగా సోకిన పశువు కొన్ని వారాలు ఏమీ చూపించదు. యెర్సీనియా అనే వేరే సూక్ష్మజీవిలో ఒక రకం సోకినా ఇదే ముద్ద కడుతుంది. అందుచేత ఒక్క పరీక్షతో తీర్పు చెప్పకూడదు. ముందు గులాబి చుక్కతో జల్లెడ పట్టి, అందులో పడినవాటిని ఎలీసాతో మళ్ళీ చూసి, కొంత కాలం ఆగి ఇంకొకసారి చూడాలి.

2009లో వచ్చిన పశువుల అంటురోగాల చట్టంలో ఈ జబ్బు పేరు చేరింది. 2019 సెప్టెంబరులో మథురలో ప్రధానమంత్రి ప్రారంభించిన జాతీయ కార్యక్రమంలో గాలికుంటుతోపాటు దీన్ని కూడా చేర్చి, ఏటా 3 కోట్ల 60 లక్షల పెయ్య దూడలకు టీకా వేయాలని లక్ష్యం పెట్టారు. చెవికి పన్నెండు అంకెల పోగు వేసి ఏ దూడకు ఎప్పుడు వేశారో కంప్యూటరులో ఎక్కిస్తారు. ఆ తొలి విడతల పెయ్యలు ఇప్పటికి రెండేసి మూడేసి ఈతలు ఈని ఉంటాయి. వాటిలో ఒకటి ఈసుకుపోయి, రక్తం ప్రయోగశాలకు వచ్చి, పలక మీద చుక్క విరిగిందనుకోండి. అప్పుడు చేయవలసిన మొదటి పని చెవిపోగు అంకె అడిగి టీకా తేదీ చూడటం. మా రోజుల్లో అడగడానికి ఆ అంకె ఉండేది కాదు.